తాడు పట్టినవాడు

గుల్లపాలెం,
ఫిబ్రవరి

తమ్ముడు శివాజీకి గౌరప్ప రాసేది.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను మోగితే చాలు, అమ్మ పరుగున వచ్చి స్పీకరు పెట్టమంటుంది. ఆవిడ విన్నదంతా పొద్దుగూకేలోగా రేవంతా వింటుంది. మొన్న నువ్వు "లోపలికి దిగినాను" అని ఏదో మొదలుపెట్టి, అమ్మ గొంతు వినపడగానే మాట మార్చేశావు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఏ లోపలికి దిగావు? ఎందుకు దిగావు? ఇది ఎండుచేపల, అదే నెత్తళ్ల సంచి అడుగున పెట్టి బస్సుకి పంపుతున్నాను. జవాబు కూడా అలాగే ఖాళీ సంచిలో పెట్టి పంపు.

ఇంకో సంగతి. మా సంఘం ఎండురొయ్యలు ప్యాకెట్లు కట్టి నరసన్నపేట కొట్లకి వేశాం. నెల తిరక్కుండా రంగు మారి, కనరు వాసన కొడుతున్నాయని అన్నీ వెనక్కి వచ్చాయి. పదిమంది ఆడవాళ్లం ఎండలో కూర్చుని ఏరి, ఒలిచి, కట్టినవి. చిప్సు ప్యాకెట్లలో ఊదేది మామూలు గాలి కాదని, నైట్రోజన్ అని, అది పెడితే నెలల తరబడి పాడవవని ట్రైనింగు ఇవ్వడానికొచ్చినావిడ చెప్పింది. నువ్వు చేసే పని దానితోనే కదా. అదేమిటో, మనుషులకి ఏమైనా చేస్తుందేమో నాకు అర్థమయ్యేలా రాయి. గొప్పలకి పోకుండా రాయి.

మీ బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఈ ఏడు చేప పలచగా ఉంది.

మీ అప్ప
గౌరి


రణస్థలం,
ఫిబ్రవరి నెలాఖరు

అప్పకి దండాలు.

సంచి అందింది. నెత్తళ్లు రూములో వేయించితే పక్కవాళ్లు ముక్కులు మూసుకుని వచ్చి, ప్లేటు ఖాళీ చేసి పోయారు.

నువ్వడిగిన గాలి ఎక్కడో పుట్టింది కాదు. మన ముక్కులోకి రోజూ పోయేదే. పీల్చే గాలిలో అయిదింట నాలుగు వంతులు నైట్రోజనే. మిగిలిన కాస్తలో ఆక్సిజన్ ఉంది చూశావా, అంతా దాని పనే. మన ప్రాణం నిలబడేదీ దానితోనే, పొయ్యి మండేదీ, లంగరు తుప్పు పట్టేదీ, నీ రొయ్యలు కనరెక్కేదీ దానితోనే. నైట్రోజన్ ఎవరి జోలికీ పోదు. మండదు, మండనివ్వదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ప్యాకెట్లో మామూలు గాలి తీసేసి దీన్ని నింపితే రొయ్యల్ని పాడుచేసేది లోపల ఉండదు. ముందు బాగా ఎండాలి సుమా, తడి ఉంటే ఏ గాలీ కాపాడదు. మిషను పెట్టే గదికి కిటికీలు ఉండాలి, అవి తెరిచే ఉండాలి. ఎందుకో కింద చెప్తాను.

గాలిని మంచుకంటే ఎంతో చల్లగా, నీళ్లలా కారేదాకా చల్లార్చి, అందులోంచి దీన్ని విడదీసి ట్యాంకర్లలో తెస్తారు. మా మందుల కంపెనీ గేటు దగ్గర తెల్లటి పెద్ద ట్యాంకు ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా దాని గొట్టాలమీద మంచు పేరుకుని ఉంటుంది. మాకు వచ్చేది మామూలు సరుకు కాదు. నూటికి తొంభైతొమ్మిది, చుక్క పెట్టి ఇంకో మూడు తొమ్మిదులు. అంత శుద్ధం. మందుపొడికి ఆక్సిజన్ తగిలితే పసుపెక్కిపోతుంది. పొడి కడిగే సాల్వెంటు ఆవిరికి తగిలితే చిన్న రవ్వకే భగ్గుమంటుంది. అందుకని పొడి తయారయ్యే రియాక్టర్‌లో, అంటే మన ఇల్లంత ఇనప డ్రమ్ములో, ముందు దీన్నే నింపుతారు.

ఇప్పుడు నేను దిగిన సంగతి. ఒకరోజు పైనున్న మూత దగ్గర బోల్టులు బిగిస్తుంటే స్పానరు జారి రియాక్టర్‌లో పడింది. పద్ధతి ప్రకారమైతే నైట్రోజన్ గొట్టం విప్పి, మామూలు గాలి ఊది, మీటరు పెట్టి ఆక్సిజన్ చూసి, పర్మిటు రాసి అప్పుడు మనిషిని దించాలి. సగం షిఫ్టు పోతుంది. సూపర్‌వైజరు గణపతిరావు గారు తల పట్టుకున్నారు. నేను నడుముకి తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, నిచ్చెన దిగి, తీసుకుని వచ్చేశాను. వల రాయికి పట్టుకుంటే మునిగి విడిపించేవాడికి ఇదొక లెక్కా? అప్పట్నుంచి ఏది పడినా నన్నే పిలుస్తున్నారు. ఈసారి పర్మనెంటు లిస్టులో నా పేరు ఉంటుందన్నారు. ఇది అమ్మకి చెప్పకు.

నీ తమ్ముడు
శివాజీ


గుల్లపాలెం,
మార్చి

శివాజీకి,

నీ ఉత్తరం మొదటి సగం చదివి, నా తమ్ముడు పాఠం బాగా చెప్పాడని మురిసిపోయాను. రెండో సగం చదివాక చేతిలో పని చేతిలోనే ఆగిపోయింది.

నాకు ఒక్కటే చెప్పు. సముద్రంలో మునిగినప్పుడు ఊపిరి చాలకపోతే గుండెలు మండిపోతాయి కదా. ఆ మంటకి తట్టుకోలేకే మీరంతా పైకి తన్నుకొస్తారు. మీ బావ ఎన్నోసార్లు చెప్పాడు, ఆ మంటే మనల్ని పైకి తోలుతుందని. మరి నీ డ్రమ్ములో పొరపాటున ఒక్క గుక్క ఊపిరి తీసుకుంటే గుండె మండుతుందా? పైకి రమ్మని ఎవరైనా చెప్తారా?

తెలీకపోతే తెలిసినవాళ్లని అడిగి రాయి. తెలుసని అబద్ధమాడకు. నీ అబద్ధం నాకు నీ రాతలోనే తెలిసిపోతుంది, చిన్నప్పట్నుంచీ అబద్ధమాడేటప్పుడు అక్షరాలు ఒద్దికగా రాస్తావు.

గౌరి


రణస్థలం,
మార్చి

అప్పకి,

నువ్వడిగింది మా ల్యాబులో ప్రద్యుమ్న గారనే కుర్ర కెమిస్టుని అడిగాను. ఆయన నా మొహం చూసి, ఎవరడిగారు ఈ మాట అన్నాడు. రొయ్యలమ్మే మా అప్ప అన్నాను.

మండదట అప్పా. గుండె మండేది మంచి గాలి చాలక కాదట. మనం వాడేసిన గాలి లోపల పోగుపడితే మండుతుందట. నైట్రోజన్ పీల్చేవాడికి ఆ వాడేసిన గాలి ప్రతి ఊపిరికీ బయటికి పోతూనే ఉంటుంది. అందుకని మంట లేదు, దగ్గు లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. రెండు మూడు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. తనకి ఏదో అవుతోందని కూడా తెలీదు.

సేఫ్టీ క్లాసులో ఇంకోటి కూడా చెప్పారు. ఇలాంటి చోట ఒక్కడు పోవడం అరుదట. వాణ్ని తీద్దామని దిగినవాడు, వాణ్ని తీద్దామని దిగినవాడు, ఇలా ఒకరిమీద ఒకరు పడి ఉంటారట. అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు రాస్తుంటే నవ్వు రావడం లేదు.

కానీ నువ్వు కంగారు పడకు. నేను ఊపిరి తీయను కదా. నా దమ్ము నీకు తెలీనిదా. ఈ లిస్టు వచ్చేదాకా ఓపిక పట్టు. పర్మనెంటు అయితే అమ్మకి మోకాలి ఆపరేషన్ కంపెనీయే చేయిస్తుంది.

శివాజీ


గుల్లపాలెం,
ఏప్రిల్

ఒరే శివాజీ,

కంగారు పడొద్దని నువ్వు రాసిన మాట చదివి నీ చెంప పగలగొట్టాలనిపించింది. అమ్మకి మోకాలు బాగుచేయించడానికి కొడుకుని పోగొట్టుకోమంటావా? లోపల కాలు జారితే? నీ తాడు దేనికైనా తగులుకుంటే? తుమ్ము వస్తే? ఊపిరి తీయనని నువ్వనుకుంటే సరిపోతుందా?

ఇక్కడ మన లెక్క వేరు. నడుముకి తాడు కట్టుకుని ఒకడు మునిగితే, పైన తాడు పట్టినవాడు కళ్లు తిప్పకూడదు. కిందవాడు రాకపోతే తాడు పట్టినవాడు దిగి తీరాలి. దిగనివాడిని మళ్లీ ఎవరూ పడవెక్కించుకోరు. అలా దిగనందుకే జోగయ్య మావ తన సొంత బామ్మర్దినే పడవలోకి రానివ్వడం మానేశాడు, నీకూ తెలుసు. ఆ లెక్క సముద్రానిది. అది అక్కడికి పట్టుకెళ్లకు.

అమ్మమీద ఒట్టేసి నాకు రెండు మాటలు ఇవ్వాలి. ఒకటి, ఆ డ్రమ్ముల్లోకి నువ్వు ఇంక దిగకూడదు. రెండు, ఎవరైనా లోపల పడిపోయినా, నువ్వు తాడు పట్టుకుని ఉన్నా సరే, దిగకూడదు. వాడెవడైనా సరే. పిరికివాడని లోకమంతా అన్నా నాకేం ఫరవాలేదు. నాకు బతికున్న తమ్ముడు కావాలి.

చేపల వేట నిషేధం వస్తోంది కదా. ఈ రెండు నెలలూ ఇంట్లో కూర్చోలేనని మీ బావ మీ కంపెనీకి వస్తానంటున్నాడు. లోడింగులో పెట్టించు. ఆ ట్యాంకుల వైపు రానివ్వకు. దమ్ము సంగతి వస్తే ఆయన నీకంటే పెద్ద మూర్ఖుడు.

గౌరి


రణస్థలం,
ఏప్రిల్ నెలాఖరు

అప్పకి దండాలు.

ఒట్టేశాను. రెండూ వేశాను. గణపతిరావు గారు మళ్లీ పిలిస్తే, మీటరు పెట్టి చూపిస్తేనే దిగుతానని అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. లిస్టు సంగతి ఇంక ఎత్తడం లేదు. పోతే పోయింది.

బావ వచ్చాడు. నా రూములోనే ఉన్నాడు. లోడింగులో పెట్టించాను. క్యాంటీను అన్నం బాగుందంటాడు, చారు మాత్రం నోట పెట్టలేకపోతున్నాడు. నైట్రోజన్ గురించి నీకు చెప్పినవన్నీ ఆయనకీ చెప్పాను. నవ్వి, "ఊపిరి బిగబట్టడం నాకు నేర్పుతావేట్రా" అన్నాడు.

మీ ప్యాకింగు మిషను సంగతి కనుక్కున్నాను. సిలిండరుకి గొలుసు కట్టి నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు.

శివాజీ


గుల్లపాలెం,
మే

తమ్ముడికి,

మిషను వచ్చింది. కిటికీలు తెరిచే పెట్టాం. మొదటి విడత ప్యాకెట్లు పొందూరు నుంచి ఖద్దరు బేరానికి వచ్చినవాళ్లు పట్టుకెళ్లారు. ఇప్పటికి ఒక్కటీ తిరిగి రాలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. నేను లేను.

ఏప్రిల్ ఉత్తరం తర్వాత మొన్న నువ్వు రాసిన దానిలో సగం పేజీ సిలిండరు గొలుసు గురించే ఉంది. బావ గురించి ఒక్క ముక్కా లేదు. అన్నం తిన్నాడా, పడుకున్నాడా, ఏమన్నాడు, ఏమీ లేదు. ఆయన ఫోనులో మాత్రం, నీ తమ్ముడు చేయలేని పని నేను చేస్తున్నానని నవ్వుతాడు. ఏ పని అంటే లోడింగే అంటాడు. లోడింగు నువ్వు చేయలేవా?

నీ అక్షరాలు ఒద్దికగా ఉన్నాయి శివాజీ. ఆయన దిగుతున్నాడా? ఈ ఒక్క మాటకి జవాబు రాయి. సంచి కోసం ఆగకు, ఫోన్ చెయ్యి. అమ్మ విన్నా ఫరవాలేదు.

అప్ప


రణస్థలం,
జూన్

అప్పకి,

నీ ఉత్తరం వచ్చిన రోజే ఫోన్ చేసి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు. చేయలేదు. బావ నాచేత మాట తీసుకున్నాడు, వేట మొదలయ్యాక నేనే చెప్తాను, నువ్వు చెప్పకు అని. నీకిచ్చిన మాట ఒకటి, ఆయనకిచ్చిన మాట ఒకటి.

ఆస్పత్రిలో నువ్వు నావైపు చూడకుండా వెళ్లిపోయావు. బావని ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఆటోలో చోటున్నా నన్ను ఎక్కమనలేదు. రేవులో ఏమనుకుంటున్నారో అమ్మ ఫోనులో చెప్పి ఏడ్చింది. అసలేం జరిగిందో నువ్వు నా నోట వినాలి.

నేను దిగనన్నాక గణపతిరావు గారు బావని అడిగారు. నేను ఒద్దన్నాను, గొడవపడ్డాను. బావ వినలేదు. మొదటిసారి దిగి నవ్వుతూ వచ్చాడు. రెండోసారీ వచ్చాడు. ఎలాగూ దిగుతున్నాడు, తాడైనా నా చేతిలో ఉండనీ అనుకుని నేనే పట్టుకునేవాణ్ని. అదే నా బుద్ధితక్కువ. తాడు పట్టనని మొండికేసి, పైవాళ్లకి చెప్పి ఉంటే ఆపేవారేమో.

ఆ రోజు మధ్యాహ్నం రియాక్టర్ మూత రబ్బరు ముక్క తెగి లోపల పడింది. బావ దిగాడు. ముక్క తీసి పైకి చూపించాడు కూడా. వచ్చేటప్పుడు తాడు లోపల పొడి కలిపే రెక్కకి చుట్టుకుంది. రెండుసార్లు లాక్కున్నాడు. ఆయన కంగారు పడలేదప్పా, అదే నన్ను ఇప్పటికీ చంపుతోంది. నీళ్లలో ఉన్నట్టే నిదానంగా విప్పుకుంటున్నాడు. విప్పుకుంటూ ఊపిరి వదిలాడు. తీసుకున్నాడు. నాకేసి చూసి చెయ్యి ఊపాడు, బాగానే ఉన్నానన్నట్టు. అలాగే మోకాళ్లమీద కూలిపోయాడు.

నా కాలు నిచ్చెనమీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు. ఒంట్లో ప్రతి నరం దిగమంటోంది. ఇంక ఒక్క మెట్టు దిగితే నా తల లోపల ఉండేది. నువ్వు రాసింది గుర్తొచ్చింది, వాడెవడైనా సరే అని. కాలు వెనక్కి తీశాను. నా పక్కన మోహనకృష్ణ అని, విజయనగరం కుర్రవాడు, అప్పటికే మూతలోకి వంగుతున్నాడు. వాడి చొక్కా పట్టి వెనక్కి ఈడ్చి పడేశాను. చొక్కా చిరిగింది. వాడు నన్ను బూతులు తిట్టాడు.

నైట్రోజన్ కవాటం తిప్పి మూసేశాను. గాలి గొట్టం కోసం పరుగెత్తాను. అక్కడ రెండు కుళాయిలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి మామూలు గాలి, ఒకటి నైట్రోజన్. వాసన చూసి చెప్పడానికి లేదు, రెండూ ఒకేలా బుస్సుమంటాయి. గొట్టంమీద రాసింది పైకి చదివాను. రెండోసారి చదివాను. అప్పుడు తగిలించి, గొట్టం బావ మొహం మీదికి వేలాడేలా లోపలికి దించి, పూర్తిగా తిప్పాను. అందరం కలిసి తాడు ఊపి ఊపి లాగితే రెక్కనుంచి జారింది. బయటికి తీసేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి.

అంతా ఎంతసేపు పట్టిందో తెలీదు. ఆ సేపంతా నేను దిగలేదన్నది నిజం. రేవులో అంటున్నది అబద్ధం కాదు. బావ కళ్లు తెరిచాక నన్ను అడిగిన మొదటి మాట కూడా అదే, "నువ్వెందుకు దిగలేదురా?" నీ ఒట్టు సంగతి చెప్తే నీ కాపురంలో నిప్పులు పోసినవాణ్ని అవుతానని నోరు మూసుకున్నాను.

శివాజీ


గుల్లపాలెం,
జూన్

శివాజీకి,

ఉత్తరం అందింది. చదివాను. మీ బావ అన్నం తింటున్నాడు, నడుస్తున్నాడు. ఇప్పుడు నేనేం రాసినా తప్పే రాస్తాను. నన్ను కొన్నాళ్లు వదిలెయ్యి.

గౌరి


రణస్థలం,
జులై

అప్పకి,

వదిలెయ్యమన్నావు కానీ ఇది నీకు తెలియాలి. ఎంక్వయిరీకి ఆఫీసర్లు వచ్చారు. నాగబాబు బావ ఎవరూ చెప్పకుండా తనంతట తానే దిగాడని కంపెనీవాళ్లు చెప్పారు. నన్నూ అదే చెప్పమన్నారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతకుముందు నేను ఎన్నిసార్లు దిగిందీ, ఎవరు దిగమన్నదీ కూడా చెప్పాను. మోహనకృష్ణ నా వెనకే నిలబడి, అవునన్నాడు. మర్నాడు ఇద్దర్నీ గేటు దగ్గరే ఆపేశారు.

రూము ఖాళీ చేయాలి. ఊరికి రావాలంటే రేవులో జనం మధ్యనుంచే నడిచి రావాలి. జోగయ్య మావ నన్ను ఇంక వేటకి పడవెక్కించుకోనని అందరిముందూ అన్నాడట. అది భరిస్తాను. నీ గుమ్మం ఎక్కొచ్చో లేదో నువ్వు చెప్పు. లేదంటే విశాఖ వైపు పోతాను, అక్కడ పనికి కరువు లేదు.

శివాజీ


గుల్లపాలెం,
జులై

తమ్ముడు శివాజీకి,

ఇన్నాళ్లూ నీకు రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. భయం. నీకు ఒట్టు పెట్టింది నేనని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రేవులో ఆడవాళ్లు నిన్ను పిరికివాడంటుంటే తలొంచుకుని రొయ్యలు ఏరుకున్నాను. నువ్వు నా కాపురం కోసం నోరు మూసుకున్నావు, నేను నాకోసం మూసుకున్నాను.

మీ బావ సంగతి చెప్తాను, దాచను. వల అల్లేటప్పుడు కుడిచెయ్యి వణుకుతోంది. పొద్దున చెప్పింది సాయంత్రానికి మరిచిపోతున్నాడు. డాక్టరు తగ్గొచ్చు అంటాడు, తగ్గుతుంది అనడు. ఒక్కటి మాత్రం మరవడం లేదు. "ఆడు దిగలేదు" అని రోజూ అంటాడు. తిట్టినట్టు కాదు, లెక్క తేలనట్టు అంటాడు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గుమ్మం ఎక్కొచ్చా అని నా తమ్ముడు నన్ను అడిగే రోజు వచ్చిందా అని ఏడుపొచ్చింది. ఇంక దాచలేకపోయాను. అమ్మ ముందే ఆయనకి చెప్పేశాను, ఎవరు పడినా దిగొద్దని వాడిచేత ఒట్టేయించింది నేనే అని. నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. గుండె మండదన్న చోట ఆయన చెయ్యి ఎత్తి, మళ్లీ చదవమన్నాడు. నిజమే, మండలేదు, హాయిగా ఉండినాది అన్నాడు. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత ఆయన నన్ను సూటిగా అడిగాడు. "లోపలున్నది నేనని తెలిసి, ఆడు నిన్ను అడిగుంటే ఏటి సెప్పేదానివి?"

అబద్ధం చెప్పే అవకాశం ఉండింది శివాజీ. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేకపోయాను. దిగమని చెప్పేదాన్ని అన్నాను. ఒట్టూ గిట్టూ గట్టున పెట్టి, దిగరా అని అరిచేదాన్ని. నీ ప్రాణం గురించి ఒక్క క్షణం ఆలోచించేదాన్ని కాదు. ఇది నీకు కూడా తెలియాలనే రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగను, నువ్వు నా మీద కోపం పెట్టుకున్నా నాకు సమ్మతమే.

ఆయన వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అడిగింది మరిచిపోయాడేమో అనుకున్నాను. అప్పుడు అన్నాడు.

"ఆడు నిన్ను అడగలేదు కాబట్టి ఆడూ నేనూ ఇద్దరం బతికున్నాం. రమ్మను."

అప్ప